మోగని కాయిలు

“అంగడి మూసేద్దాం, ఖాజాబీ. కండ్లు పోయినోనికి రేడియో రిపేరేంది? నేనింక దేనికీ పనికిరాను” అన్నాడు కాశిం సాహెబ్.

ఆయన భార్య ఖాజాబీ ఒక పెట్టెను ఆయన ముందు పెట్టింది. కాయిలు, అంటే తీగచుట్ట, బాగుందో లేదో చెప్పే టెస్టరు అది; ఆయనకు వినబడేలా బల్బుకు బదులు స్పీకరు పెట్టి తనే తయారు చేసింది. కాయిలున్న ఒక ట్రాన్స్‌ఫార్మరుకు దాని వైర్లు తగిలించింది. స్పీకరు ణంగుమని మోగి, మెల్లగా ఆగింది.

“ఇది బాగుండాది” అన్నాడు నిర్లిప్తంగా.

ఇంకోదానికి తగిలించింది. టక్కుమని ఊరుకుంది.

ఆయన ముందుకు వంగాడు. “లోపల సుట్లు ఒకదానికొకటి తగులుకున్నాయి. ఎవురు సుట్టినారు దీన్ని?”

“నేనే” అంది భయంగా.

“ఇట్లనా సుట్టేది? అంతా ఇప్పెయ్. ఈసారి సుట్లు తగులుకోకుండా మధ్యలో కాయితం నేను పెడతా.”

చూపు పోయాక ఆయన తిట్టడం ఇదే మొదలు. ఖాజాబీ కళ్లు తుడుచుకుని, నవ్వుకుంటూ తీగ విప్పసాగింది.