ఉచితంగా మిగిలిన ఉత్తరం

ఎమ్మెల్యేలు సర్కారు ఖర్చుతో సొంత డప్పు కొట్టుకునే ఉత్తరాలకు చట్టం అడ్డుకట్ట వేసింది. ఉచితంగా పంపుకోవడానికి సంతాప లేఖ ఒక్కటే మిగిలింది. దాంతో రోగి చేతికి కట్టిన ఆరోగ్య పట్టీ ప్రాణాపాయమని ఎర్రబడితే చాలు, చావుదాకా ఆగకుండా ఉత్తరం ఇంటికి వచ్చేస్తోంది.

ఆ పొద్దున పైడమ్మ, పట్టీ ఎర్రబడిన మామకు గంజి తాగిస్తుంటే, డ్రోను కిటికీలో అలాంటి ఉత్తరం ఒకటి వదిలిపోయింది. రెండు ముక్కల సంతాపం, కింద ఇరవై పథకాలు, నవ్వుతున్న ఫోటో.

“ఏటమ్మా అది?” అన్నాడు మామ సన్నాసి.

“ఎమ్మెల్యేగారు రాసినారు, మావా.”

ముసలాయన కళ్లు మెరిశాయి. మందుల కోసం మూడేళ్లుగా ఎమ్మెల్యేకు అర్జీలు పెడుతున్నాడు.

“ఏటి రాసినారు?”

పైడమ్మ ఉత్తరాన్ని మడిచేసింది. “మన కుటుంబానికి తోడుంటారట.”

“సూసినావా, మర్సిపోనేదు! ఈపాలి నా ఓటు ఆయనకేనని జాబు రాసీయమ్మా.”