పేరుకు రెండర్థాలు

“తినేసింది! కన్నపిల్లల్ని తినేసిందండీ, నా కళ్లముందే!”

అతను పంజరం దగ్గర్నుంచి చటుక్కున వెనక్కి జరిగాడు. పశువుల డాక్టర్ వచ్చి లోపలికి తొంగిచూసి, పంజరం మీద తువ్వాలు కప్పింది.

“తినలేదు. బుగ్గల్లో పెట్టుకుంది. ఈ హామ్‌స్టర్ జాతి ఎలుకకి బుగ్గల లోపల సంచుల్లాంటివి ఉంటాయి. గింజలు దొరికితే వాటిలో కుక్కుకుంటుంది. భయమేస్తే పిల్లల్నీ అలాగే దాచేస్తుంది. ఎక్కువసేపు ఉంచుకుంటే వాటికి ఊపిరాడదు. మీరు ఇటొచ్చి కూర్చోండి, భయం తగ్గితే అదే బయట పెట్టేస్తుంది.”

అతను బుద్ధిగా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఇస్త్రీ నలగని చొక్కా, మెత్తటి గొంతు. బజారులో కళ్లజోళ్ల షాపు అతనిది.

“ఇది మా పాపదండీ. బుగ్గమ్మ అని పిలుస్తుంది. నిన్న షాపు కట్టేసి ఇంటికెళ్తే తాళం వేసుంది. భార్య లేదు, పాప లేదు, ఈ పంజరం లేదు. వాళ్లక్క ఇంటికి పరిగెత్తాను. లోపల లైటు వెలుగుతోంది, తలుపు మాత్రం తియ్యలేదు. ఇందాక షాపుకొచ్చినావిడ చెప్పింది, పంజరం పట్టుకుని ఈ వీధిలో పోతుంటే చూశానని. ఈ చుట్టుపక్కల జంతువుల ఆస్పత్రి మీదొక్కటేగా!”

“పొద్దున తీసుకొచ్చారు. పిల్లల్ని తినేసిందనుకుని పాప ఒకటే ఏడుపు.”

“ఏడ్చిందా?” అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. “దానికి చీకటంటే భయం. పక్కన నేను లేకపోతే నిద్రపోదు. ఎక్కడ పడుకుందో, ఏం తిందో. వాళ్లకి నేనేం తక్కువ చేశానండీ?”

డాక్టర్ గ్లాసుతో మంచినీళ్లు తెచ్చిచ్చింది. అతను తాగి, గ్లాసు పెట్టిన చోట తడిని జేబురుమాలుతో తుడిచాడు.

“మీ ఆవిడ కళ్లజోడుకి ఒక పక్క అద్దం లేదు,” అంది డాక్టర్.

“మెట్ల మీద పడిందండీ. షాపు నిండా ఫ్రేములే, నచ్చింది తీసుకోవే అంటే వినదు. నలుగురిలో నా పరువు తియ్యాలని అలాగే తిరుగుతుంది.” అతను నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. “మనిషి మంచిదే. ఈమధ్యే ఏదో అయింది. ప్రతిదానికీ ఉలిక్కిపడుతుంది.”

లోపలి గదిలో ఏదో కిందపడిన చప్పుడైంది. అతను తలెత్తాడు.

“ఎవరండీ లోపల?”

“కుక్క. పొద్దున ఆపరేషన్ చేశాను. మత్తు దిగుతున్నట్టుంది.”

“అయ్యో పాపం. నాకు కుక్కలంటే ప్రాణం,” అంటూ లేచి రెండడుగులు వేశాడు.

“వద్దండీ. కొత్తవాళ్లని చూస్తే గింజుకుని కుట్లు తెంపుకుంటుంది.” డాక్టర్ అతన్ని దాటి వెళ్లి అల్మారా మీదున్న రేడియో పెట్టింది. సౌండు కాస్త పెంచింది. “పాట వింటే పడుకుంటుంది.”

అతను మళ్లీ కూర్చున్నాడు. తువ్వాలు కప్పిన పంజరాన్నే చూస్తూ, “అసలు హామ్‌స్టర్ అన్న పేరుకి అర్థమేంటండీ? పాప అడిగితే చెప్పలేకపోయాను,” అన్నాడు.

“జర్మన్‌లో ఆ మాటకి పోగేసి దాచుకోవడమని వాడుక.”

“సరిగ్గా సరిపోయింది! మా ఆవిడకీ అదే రోగం. ఏదీ పైకి చెప్పదు, అన్నీ లోపల దాచుకుంటుంది.”

“ఇంకో అర్థం కూడా ఉందంటారు. ఎప్పటిదో ఇరాన్ వైపు పాత భాషలోదట. నేలకేసి పడగొట్టేవాడు, పీడించేవాడు అని. గింజల కోసం కంకుల్ని వంచి పడేస్తుందని ఆ పేరొచ్చిందట.”

“పిడికెడు లేదు, దీనికి అంత పేరా?” అతను పకపకా నవ్వాడు. డాక్టర్ కూడా నవ్వింది.

నవ్వు ఆగాక అతను మెల్లగా అడిగాడు. “మళ్లీ ఎప్పుడొస్తానంది?”

“సాయంత్రం. పిల్లలు నిలబడతాయో లేదో ఒక పూట చూడాలి, వదిలి వెళ్లమన్నాను.”

“అయితే నేనిక్కడే కూర్చుంటాను.”

డాక్టర్ పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టింది. కుర్చీ దగ్గరకు లాక్కుని గొంతు తగ్గించింది.

“మీరిక్కడుంటే ఆవిడ గుమ్మం కూడా ఎక్కదు. బయట మీ కారు కనబడినా అంతే, అటునుంచి అటే పోతుంది. మీరు షాపుకెళ్లి మీ పని చూసుకోండి. ఆవిడ రాగానే నేను మాటల్లో పెట్టి మీకు ఫోన్ చేస్తాను.”

“నిజంగా చేస్తారా?”

“పాప ఈ పంజరం వదిలి ఎక్కడికీ పోదు. రాక తప్పదు.”

అతను డాక్టర్ ముఖంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత జేబులోంచి షాపు కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. “మీకు నేనెవరో కూడా తెలీదు. ఎందుకండీ నాకింత సాయం?”

“పాప కోసం,” అంది డాక్టర్.

అతను చేతులు జోడించాడు. “మీలాంటివాళ్లు ఉండబట్టే సంసారాలు నిలబడుతున్నాయండీ. ఇక్కడ గొడవ మాత్రం చెయ్యను. ఏదున్నా ఇంటికెళ్లాకే.”

డాక్టర్ గుమ్మం దాకా వెళ్లి సాగనంపింది. కారు మలుపు తిరిగాక కూడా అక్కడే నిలబడి, అది వెనక్కి రాదని నమ్మకం కుదిరాక లోపలికొచ్చింది. తలుపు గడియ పెట్టింది. రేడియో కట్టేసి, లోపలి గది తలుపు తీసింది.

లోపల, అతని భార్య అరచెయ్యి ఇంకా పాప నోటి మీదే ఉంది.