కదలని మనిషి

"గొడుగు నీడ లెన్సు మీద పడుతోంది, పక్కకి జరుగు!" అంది అత్తయ్య.

కోడలు విసుగ్గా జరిగింది. మిట్టమధ్యాహ్నం. ఇసుక పెనంలా కాలుతోంది. ఇన్‌ఫ్రారెడ్‌ ఫోటోకి ఇంత ఎండ కావాలట. లెన్సుకి బిగించిన ఫిల్టరు నల్లగాజులా ఉంది. దాంట్లోంచి చాలినంత వెలుగు దూరడానికే నాలుగు నిమిషాలు పడుతుంది. ఆలోపు కదిలినవాళ్లెవరూ ఫోటోలో మిగలరు. ఆడుకునే పిల్లలు, నడిచే జనం, అలలు అన్నీ పొగైపోతాయి.

ఎక్స్‌రే టెక్నీషియన్‌గా రిటైరయ్యాక అత్తయ్యకి పట్టుకున్న పిచ్చి ఇది. మూడు నెలలుగా ఇదే చోటు, ఇదే వేళ.

"ఈసారి పడవల వైపు తిప్పుదాం అత్తయ్యా."

"వద్దు. ప్రయోగమంటే ఒక్కటే మార్చాలి. మిగతావన్నీ ఉన్నచోటే ఉండాలి."

టైమర్ మోగింది. ఇద్దరూ కెమెరా తెర మీదికి వంగారు. ఆకాశం నల్లగా, గట్టు మీది చెట్లు దూదిలా తెల్లగా వచ్చాయి. అంత జనమున్న తీరమూ ఖాళీగా ఉంది. రాళ్లకట్ట చివర, బెంచీ మీద ఒక మనిషి మాత్రం చేతికర్రతో సహా చెక్కినట్టు పడ్డాడు.

"రోజూ మసకమరకలా వచ్చే పెద్దాయనే కదూ! ఇవాళ భలే పడ్డాడు."

అత్తయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నాలుగు నిమిషాలు... కర్ర కూడా కదల్లేదు."

"కునుకు పట్టిందేమో."

"కాదు. ఆయన ఒక్క నిమిషం కుదురుగా కూర్చునే మనిషి కాదు."

అంటూనే పరుగెత్తింది. కాలు తగిలి స్టాండు ఒరిగింది, కెమెరా పక్కనే ఉన్న రాళ్లకట్ట సందులోని నీళ్లలో పడింది.

"అత్తయ్యా, కెమెరా!"

ఆవిడ వెనక్కి కూడా చూడలేదు.

బెంచీ మీద ఆయన కళ్లు అరమోడ్పుగా ఉన్నాయి. ఒళ్లు చెమట లేకుండా కాలిపోతోంది. అత్తయ్య ఆయన మెడ మీద వేళ్లు ఆనించింది. ఒక క్షణం. రెండు. మూడు.

"ఉంది! సన్నగా కొట్టుకుంటోంది. అంబులెన్సుకి ఫోన్ చెయ్యి!"

చొక్కా గుండీలు తెంపేసింది. సీసాలో నీళ్లన్నీ ఒంటి మీద గుమ్మరించింది. "పోనివ్వను. వినబడుతోందా? ఇలా పోనివ్వను," అని పళ్లబిగువున అంటూనే ఉంది.

ఆస్పత్రిలో గంట గడిచాక డాక్టరు బయటికి వచ్చాడు.

"ఎండదెబ్బ. ఇంకో పది నిమిషాలైతే దక్కేవాడు కాదు. మీ పుణ్యమే."

కోడలు ఊపిరి పీల్చుకుంది. "ముక్కూమొహం తెలియని మనిషి కోసం అంత కెమెరా నీళ్లపాలు చేశారు! మీ అబ్బాయికి మీరే చెప్పుకోండి," అని నవ్వింది. అత్తయ్య నవ్వలేదు.

నర్సు కాగితం పట్టుకొచ్చింది. "ఆయన జేబులో ఏమీ లేవండీ. పేరేమైనా తెలుసా?"

అత్తయ్య పెన్ను అందుకుని, ఆగకుండా పూర్తిపేరు రాసిచ్చింది.

కోడలు భుజం మీదుగా తొంగిచూసింది. మొదటి మాట తమ ఇంటిపేరే. మిగతాది రెండుసార్లు చదువుకుంది.

తన పెళ్లి శుభలేఖలో ఆ పేరు ముందు 'కీర్తిశేషులు' అని ఉంది.