దోమతెరలాయన

"మా అమ్మకి ఏం పొడిచావురా?"

ప్రకాష్ ఆ మనిషి చొక్కా పట్టుకుని ఎండబెట్టిన మిరపకాయల మీదకి ఈడ్చాడు.

కల్లంలో కూలీలంతా పని ఆపేశారు. పట్టా మీద కొండమ్మ పడి ఉంది. ముఖం పాలిపోయింది. ఒళ్లంతా చెమట. పక్కనే వాడేసిన సిరంజి.

"అరగంటలో తేరుకుంటుంది బాబూ," అన్నాడతను రొప్పుతూ. "ముందు ఆసుపత్రికి తీసుకెళ్లు."

మోపెడ్ మీద దోమతెరలు అమ్ముకోవడానికి ఊళ్లోకి వచ్చిన మనిషి. పేరేంటో ఎవరికీ తెలీదు. ఉబ్బిన గుండ్రటి ముఖం, పుల్లల్లాంటి కాళ్లు, కుంటి నడక.

"దోమతెరలమ్ముకునే వాడికి వైద్యమెందుకురా, బలిసిన మొహమా?"

"అడిగే చేశాను బాబూ. ఆయాసానికి వారం వారం సూది పడేదని, పది రోజులుగా పడలేదని ఈ ఆడవాళ్లే చెప్పారు. అమ్మ ముఖం చూడగానే నాకు..."

చెంప ఛెళ్లుమంది.

అప్పుడే బుల్లయ్య బండి వచ్చి ఆగింది. చదివింది పదో తరగతి అయినా ఊరికి ఆయనే డాక్టరు. ఎనిమిదేళ్లుగా కొండమ్మకి సూది వేస్తున్నదీ ఆయనే. కూతురి పురుడని ఒంగోలు వెళ్లి ఆ పొద్దునే దిగాడు.

కింద పడున్న ఖాళీ సీసా తీసి చదివాడు. ముఖం రంగు మారింది.

"ఇది ఆయాసం మందు కాదురా ప్రకాష్. మీ అమ్మ బతకడం కష్టం."

అంతే. కాయలు తిరగేసే కర్ర ప్రకాష్ చేతిలోకి వచ్చింది.

"కొట్టొద్దు బాబూ! నాకు దెబ్బలు తగలకూడదు!"

"ఎవరికి తగలొచ్చురా మరి?"

వీపు మీద రెండు, తుంటి మీద మూడు. ఏదో విరిగిన చప్పుడైంది.

కొండమ్మని ఆటో ఎక్కించారు. ఆ మనిషి పాక్కుంటూ వచ్చి ఆటో చువ్వ పట్టుకున్నాడు.

"నన్నూ ఎక్కించుకోండయ్యా. ఆసుపత్రి దాకా చాలు."

ప్రకాష్ కాలితో ఆ చెయ్యి తన్నేశాడు.

వినుకొండ చేరేసరికి కొండమ్మ నీళ్లడిగింది.

ఆసుపత్రిలో ప్రకాష్ ఆ ఖాళీ సీసాని డాక్టర్ హారిక బల్ల మీద పెట్టాడు.

"సాక్ష్యం మేడం. ఎవడో దారినపోయేవాడు మా అమ్మకి దీన్ని పొడిచాడు. వాణ్ణి జైల్లో పెట్టించాలి."

హారిక సీసా చూసింది. మంచం మీద సెలైన్ ఎక్కుతున్న కొండమ్మని చూసింది.

"వెళ్లి అతని కాళ్లు పట్టుకో. ఇది పడకపోతే దారిలోనే పోయేది మీ అమ్మ."

ప్రకాష్‌కి అర్థం కాలేదు.

"మీ అమ్మకి ఇన్నాళ్లూ ఆయాసానికని వేసింది స్టెరాయిడ్. ఏళ్ల తరబడి బయటినుంచి పడుతుంటే ఒంట్లో తయారవ్వాల్సింది ఆగిపోతుంది. అలాంటి వాళ్లకి సూది ఉన్నట్టుండి మానేస్తే బీపీ పడిపోయి మనిషి చచ్చిపోతుంది. ఈ సీసాలోది ఆ లోటు వెంటనే తీర్చే మందు. ఈ ఉబ్బిన ముఖం, ముట్టుకుంటే కమిలే చర్మం, షుగరు... అన్నీ ఆ సూదుల వల్లే. ఎవరు వేశారమ్మా?"

కొండమ్మ తల తిప్పుకుంది. రేపు ఆయాసమొస్తే మళ్లీ ఆయనే దిక్కు.

"బుల్లయ్య!" ప్రకాష్ పళ్లు కొరికాడు. "బతకదని వాడే చెప్పాడు మేడం."

"సీసా చూసి కూడా అలా అన్నాడా? తను చేసింది బయటపడుతుందని భయపడి ఉంటాడు."

"వాణ్ణి నరికేస్తా!"

అంతలో వరండాలో 108 స్ట్రెచర్ ఆగింది. కల్లం దగ్గర పడున్నాడని ఎవరో ఫోన్ చేశారట.

దోమతెరలాయన.

హారిక పరుగెత్తింది. నాడి చూసింది, గుండె మీద అదిమింది, మళ్లీ అదిమింది. చాలాసేపటికి చేతులు తీసేసింది.

అతని చొక్కా జేబులో ప్లాస్టిక్ కవరు, అందులో ఒక కార్డు. పైకి చదివింది.

"నా పేరు తోమా. మాది అద్దంకి. ఆయాసానికి ఏళ్ల తరబడి స్టెరాయిడ్ సూదులు పడ్డ మనిషిని. నాకు గట్టి దెబ్బ తగిలినా, స్పృహ తప్పినా, నా సంచిలో ఉన్న ఇంజెక్షన్ వెంటనే చెయ్యండి. లేకపోతే బతకను."

సంచిలో దూది, ఆ ఇంజెక్షన్ తాలూకు ఖాళీ అట్టపెట్టె ఉన్నాయి.



108 వెనకే వచ్చిన హెడ్ కానిస్టేబుల్ మీరా హుస్సేన్ కాగితం తీశాడు. "ఒంటి మీద కర్ర దెబ్బలున్నాయి. ఎవరు కొట్టారు?"

"బుల్లయ్య సార్!" ప్రకాష్ గొంతు ఆసుపత్రంతా వినిపించింది. "మా ఊరి ఆర్‌ఎంపీ. కళ్లారా చూశాను."

మంచం పక్కకి వచ్చి తల్లి చెవిలో గొణిగాడు. "ఔనని చెప్పమ్మా. నీ ఒళ్లు పాడు చేసినవాడు. ఈ దెబ్బతో జన్మలో లేవకూడదు."

"చెప్పమ్మా, భయపడకు," అన్నాడు మీరా హుస్సేన్. "చూశావా నువ్వు?"

"చూశానయ్యా. అప్పుడు నాకు నోరు పడిపోయింది గానీ కళ్లు పడిపోలేదు."

కొండమ్మ మోచేతి మీద లేచి కూర్చుంది.

"బుల్లయ్య ఎనిమిదేళ్లు నన్ను కొంచెం కొంచెంగా చంపాడు. ఆ కేసు వేరే రాసుకోండి, వేలిముద్ర నేనేస్తా. వాణ్ణి వదలను."

ప్రకాష్ ముఖం వెలిగింది.

ఆమె స్ట్రెచర్ వైపు చూసింది.

"కానీ తన ప్రాణం కోసం దాచుకున్న సూది నాకు పొడిచిన ఆ మహానుభావుణ్ణి కర్రతో కొట్టి చంపింది, నా కొడుకు ప్రకాష్."