పాత పార్టులు

"నా కంప్యూటర్ ప్లగ్గు మళ్ళీ పీకేశావా?"

"ఇస్త్రీ చేయొద్దా మరి? ముడతల చొక్కాతోనే ఆఫీసుకు వెళ్తారా?"

"వెళ్తా!"

"వెళ్ళండి. నాకేం నామోషీ?"

వాదన తెగకముందే కాలింగ్ బెల్ మోగింది. కంప్యూటర్ షాపు పంపిన మెకానిక్.

మండుటెండలో వచ్చినా చొక్కా చేతులు మణికట్టు దాకా గుండీలు పెట్టుకుని ఉన్నాడు. మొహంలో నవ్వన్నది లేదు.

కంప్యూటర్ కూతురి గదిలో ఉంది. బోర్డు మాత్రం కొత్తది వేసి, మిగతా పార్టులన్నీ పాతవే వాడుకోవాలని ముందే అనుకున్నారు.

అతను బోర్డు బిగించాడు. తర్వాత లోపలికి కరెంటు అందించే పాత పవర్ సప్లై డబ్బాని బయటికి తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"పాప ఈ గదిలోనే పడుకుంటుందా అమ్మా?"

"ఊఁ."

"లోపల గడియ పెట్టుకుంటుందా?"

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. గబగబా వెళ్ళి పెరట్లో ఉన్న భర్తను పిలుచుకొచ్చింది.

వాళ్ళు వచ్చేసరికి పవర్ సప్లై తీగ అతని కట్టరు నోట్లో ఉంది.

"ఏయ్! ఏం చేస్తున్నావ్?"

"అన్నీ వాడుకోండి సార్. ఇదొక్కటీ వద్దు. కోసేస్తే ఇంకెవరూ తగిలించరు."

"పనిచేసేదాన్ని కోస్తావా? అయినా మా అమ్మాయి గడియ సంగతి నీకెందుకయ్యా?"

"సార్, పాప..."

"నడు బయటికి!"

అతను సంచీ తీసుకుని తలవంచుకు వెళ్ళిపోయాడు.

పాత సప్లైని భర్తే బిగించుకున్నాడు. కంప్యూటర్ గుర్రుమంటూ లేచింది.

"చూశావా? నిక్షేపంలా ఉంది!"

సాయంత్రం కూతురు కేకేసింది.

"అమ్మా, నా తలుపు గడియ ఏదీ?"

తలుపుకు స్క్రూల బెజ్జాలే మిగిలాయి.

భర్త షాపు ఓనరుకు ఫోన్ చేసి విరుచుకుపడ్డాడు.

"మీవాడు దొంగో, అంతకన్నా పాపిష్టివాడో! మళ్ళీ మా వీధిలో కనబడితే ఊరుకోను!"

"ఇంతకుముందూ ఇలాగే చేశాడండీ. ఇప్పుడే పనిలోంచి తీసేస్తున్నా."

మర్నాడు భర్త కొత్త గడియ తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాడు.

"కాఫీ ఇయ్యి. తాగి బిగిస్తా."

కాఫీ సగం తాగి ముక్కు ఎగబీల్చాడు. "స్టవ్ మీద ఏదో మాడుతోంది చూడు."

"స్టవ్ ఎప్పుడో ఆపేశానండీ."

కూతురి గది తలుపు కింద నుంచి నల్లటి పొగ పాకుతోంది. కంప్యూటర్ నడుస్తుండగానే ఆ పిల్ల కునుకు తీస్తోంది.

పిలిస్తే పలకలేదు.

ఆమె అరచేత్తో తోసింది. తలుపు తెరుచుకుంది.

భర్త మెయిన్ స్విచ్ కట్టేశాడు. ఆమె స్పృహ లేని పిల్లను బయటికి ఈడ్చింది.

"గండం గడిచింది. ఇంకాస్త ఆలస్యమై ఉంటే..." అన్నాడు ఆస్పత్రిలో డాక్టరు.

రాత్రి భోజనాల దగ్గర భర్త అన్నం కలపలేదు. కూతురి వైపు చూస్తూ ఉండిపోయాడు.

"రేపు షాపుకు వెళ్తా. ఆ మెకానిక్ కాళ్ళు పట్టుకుని, ఆయన్ని మళ్ళీ పనిలో పెట్టించే వస్తా."

"నేను ఫోన్ చేశానండీ. నిన్ననే ఎటో వెళ్ళిపోయాడట. సంచీ కూడా షాపులోనే వదిలేశాడట."

"అందులో మన గడియ ఉందా?"

ఆమె కొత్త గడియను బల్ల చివరికి జరిపింది.

"మనదీ ఉంది, ఎవరెవరివో ఇంకా ఉన్నాయట, అన్నిటికీ అడుగున మాత్రం మంటల్లో కాలి వంకరపోయినదొకటి ఉందట, అది అతని కూతురి గదిదట."