నాలుగో మిషను దగ్గరి చుక్క

ఛత్రినాక బిస్కెట్ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టుకు ముందు, సూపర్‌వైజర్ హరిచందన ఆ రాత్రి జరగబోయే పనంతా కంప్యూటర్‌లో ఒకసారి నడిపి చూసుకుంటుంది. ఏ మిషను ఎప్పుడు ఆగుతుందో ముందే తెలిసిపోతుంది. తెరమీద మనిషికొక పచ్చచుక్క.

ఈ రాత్రి పని నడిపి చూస్తే, తెరమీద రెండూ పదికి నాలుగో మిషను దగ్గరి చుక్క ఆరిపోయింది. మళ్లీ నడిపినా అంతే. అది ఖయ్యూం చుక్క. నిన్న మూడో మిషను గొలుసు తెగుతుందని చూపిస్తే అందరూ నవ్వారు. సరిగ్గా అది చూపిన నిమిషానికే తెగింది.

రెండు కాగానే లైనంతా ఆపించి, అతన్ని తన గదిలోకి పిలిచింది.

“ఏంది మేడం, ఉత్తగనే చాయ్ తాపిస్తున్రు? మస్తు పనుంది.”

“కూసో ఖయ్యూం భాయ్. రెండుంబావు దాకా ఈడికెళ్లి కదలకు.”

“గా డబ్బా మాటకు గింత ఫికరా!” అతను నవ్వుతూ కూర్చున్నాడు.

ఆమె అతని చుక్కను ఈ గదిలోకి మార్చి, మళ్లీ నడిపింది. నాలుగో మిషను దగ్గర ఏమీ కాలేదు. హమ్మయ్య అనుకోబోయింది.

తెరమీద ఈ గదిలో ఆమెదీ, అతనిదీ రెండు చుక్కలు ఏది ఎవరిదో తెలియనంత పక్కపక్కనే వెలుగుతున్నాయి. రెండూ పది కాగానే ఒకటే మిగిలింది.

ఫ్యాక్టరీ అంతా నిశ్శబ్దం. ఖయ్యూం చాయ్ ఊదుకుంటున్న చప్పుడొక్కటే వినిపిస్తోంది. గోడ గడియారంలో రెండూ తొమ్మిది.