దాటెయ్యవే గువ్వా

ఆ రోజు ఇంట్లో ఉన్నది ముగ్గురు. నానమ్మ, అమ్మ, బాబాయి. నానమ్మ నోటిని విడిగా లెక్కేస్తే నలుగురు.

మనవరాలు పొద్దున్నే సైకిలెక్కి వెళ్లిపోయింది. ఆ పిల్లకు నలుగురిలో మాట పెగలదు. అందుకే నానమ్మ గువ్వ అని పిలుస్తుంది.

కాలేజీ సైకిల్ పందెం అది. లెక్చరర్లెవరూ వేలు పెట్టలేదు. విద్యార్థులే వీధులకు తాళ్లు కట్టారు, ఈలలు పట్టుకుని మలుపుల్లో నిలబడ్డారు. ఎదురింటి టైలరు కొట్టు ముందు కూడా తాడే. ఆఖరి సైకిలు పోయేదాకా విప్పకూడదట. ఆయనకు పొద్దున్నుంచీ బేరం లేదు.

"నానమ్మా, పందెంలో నేను..." అని గువ్వ వెళ్లేముందు ఏదో చెప్పబోయింది.

"గెలుస్తావు లేవే" అని నానమ్మ దాని నోట్లో అరటిపండు పెట్టింది. ఆనక వీధంతా చాటింపు వేసింది.

బాబాయి ఊరుకుంటాడా? "ఆఖరున వచ్చిందంటే ఆ సైకిలు నాది. ఆఫీసుకి నడవలేక చస్తున్నా" అన్నాడు.

"తీసుకోరా" అంది నానమ్మ. మీసం ఉంటే మెలేసేదే.

మొదటి చుట్టు. నలభై సైకిళ్లు రివ్వున పోయాయి. నలభయ్యోది ఓ బొద్దబ్బాయిది. వాడి వెనక, వీపున పెద్ద సంచీతో, గువ్వ.

"ఇంకా మొదలేగా. పుంజుకుంటుంది" అంది నానమ్మ.

రెండో చుట్టు. మళ్లీ బొద్దబ్బాయి. మళ్లీ గువ్వ.

"ఏమ్మా, మనవరాలు అందర్నీ తరుముతోందా?" అన్నాడు టైలరు.

మూడోదే ఆఖరు చుట్టు. సరిగ్గా ఇంటి ముందు బొద్దబ్బాయి సైకిల్ చైను ఊడింది. నానమ్మకు ప్రాణం లేచొచ్చింది. "దాటెయ్యవే గువ్వా, ఇదే అదను."

గువ్వ దాటలేదు, దిగింది. సంచీ తీసి హ్యాండిలుకు తగిలించింది. వాడి చైను ఎక్కించింది. తన సీసాలో నీళ్లన్నీ తాగించింది. చాలదన్నట్టు వాణ్ణి వెనక నుంచి తోసి మరీ సాగనంపింది.

"ఇంత మంచిదాన్ని కన్నానేమిటి" అని అమ్మ నెత్తి కొట్టుకుంది. బాబాయి నోటితోనే బెల్లు మోగించాడు. ట్రింగ్ ట్రింగ్.

గువ్వ ఖాళీ సీసాతో గుమ్మం దగ్గరికొచ్చింది. "కాసిని నీళ్లు, నానమ్మా. పొద్దున నేను చెప్పబోయిందేమిటంటే..."

"నా పరువు గంగలో కలిపావుగా, ఆ నీళ్లే తాగు."

నానమ్మ గువ్వ మొహం మీద ధడాలున తలుపేసే వేళకి, ఎదురింటి టైలరు గువ్వ చొక్కా వీపు మీది పెద్ద పెద్ద అక్షరాలు పైకి చదువుకుంటూ తాడు విప్పుతున్నాడు: "నిర్వాహక బృందం. ఎవరినీ దాటకపోవడమే నా పని. నా వెనక ఇంకెవరూ లేరు."